మాటల మత్తు

ఆమెకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆసుపత్రిలో ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆమె రేడియో. పొద్దున డ్యూటీ ఎక్కినప్పుడు తెరిచిన నోరు సాయంత్రం చెప్పులు వేసుకున్నాకే మూస్తుంది. లోకంలో వాగుడుకాయలకి కొదవలేదు. వాగినందుకు జీతం పుచ్చుకునేవాళ్ళు మాత్రం అరుదు. రేడియో ఆ అరుదైన జాతి.

నిజంగానే ఆమె ఉద్యోగం అది. ఆడవాళ్ళ విభాగంలో, నడవ చివర, చిన్న గది ఒకటుంది. అందులో కెమెరా పరీక్ష చేస్తారు. నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించేవాళ్ళు, నెలసరి వస్తే ఇక ఆగనివాళ్ళు, ఎప్పుడో ఆగిపోయాక మళ్ళీ మరక చూసి గుండె జారినవాళ్ళు అక్కడికి వస్తారు. పెన్నులో రీఫిల్ కంటే కాస్త లావుపాటి గొట్టం, దాని కొసన కెమెరా. కోత లేదు, కుట్టు లేదు, మత్తు లేదు. గొట్టం గర్భసంచిలోకి వెళుతుంది, దాని వెంటే ఉప్పునీళ్ళు సన్నగా పారి సంచిని తెరుస్తాయి, లోపలి సంగతంతా తెరమీద కనిపిస్తుంది. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. అంతా అయ్యాక టీ తాగి ఎవరి కాళ్ళమీద వాళ్ళు ఇంటికి పోవచ్చు.

మత్తు లేదన్నాం కదా, రేడియో ఉన్నది అందుకే. ఆమె మంచానికి తలవైపు నిలబడి, పడుకున్న మనిషి భుజం మీద చెయ్యి వేసి, మాటల్లో పెడుతుంది. కడుపులో మెలిపెట్టే సమయానికి ఆ మనిషి ధ్యాస ఇంకెక్కడో ఉండాలి. "మా దగ్గర రెండు మత్తులున్నాయమ్మా, ఒకటి సూదిలో ఉంటుంది, ఇంకోటి ఈవిడ నోట్లో ఉంటుంది" అని డాక్టరమ్మ వచ్చినవాళ్ళకి చెబుతుంటుంది.

ఊరికే వాగితే కుదరదు, దానికో పద్ధతుంది. గొట్టం లోపలికి వెళ్ళేటప్పుడు చిన్న ప్రశ్నలు. ఏం కూర చేశారు, బస్సులో సీటు దొరికిందా. నీళ్ళు పారడం మొదలయ్యాక కాస్త పెద్దవి. వంటింట్లో పెత్తనం ఎవరిది, మీదా మీ అత్తగారిదా. ఇది అడిగితే చాలామంది నొప్పి సంగతి పక్కనపెట్టి లేచి కూర్చోబోతారు. ఇక ముక్క తీసే కాసేపూ, అదే అసలు గట్టి నొప్పి, రేడియో ఒకటే అడుగుతుంది. "మీ ఇంటికి దారి చెప్పండి. నేను వస్తాను." బస్సు దిగిన దగ్గర్నుంచి గుమ్మం దాకా చెప్పాలి. దారి చెప్పే మనిషి ఆ దారిలోనే ఉంటుంది. తప్పు చెబితే వచ్చేవాళ్ళు ఎక్కడో తేలతారన్న భయం ఒకటి. "ఆ సందు కాదమ్మాయ్, దాని పక్క సందు" అని దిద్దుకుంటూ ఉండగానే డాక్టరమ్మ అయిపోయిందంటుంది.

మాటలు కోటలు దాటతాయి గానీ కాలు గడప దాటదంటారే, అలాగ, ఊళ్ళో సగం ఇళ్ళకి రేడియో కళ్ళు మూసుకుని వెళ్ళగలదు. ఒక్క ఇంటికీ వెళ్ళిన పాపాన పోలేదు.

ఎన్ని అడిగినా, పిల్లలెంతమంది అని మాత్రం అడగదు. అది పేషెంట్ల మనసు కష్టపెట్టకుండా పెట్టుకున్న నియమమని కొత్త సిస్టర్లు అనుకుంటారు. అనుకోనిస్తుంది.

నాలుగేళ్ళ కిందట, నిండు నెలల్లో, ఆమె కడుపులో కదలిక ఆగిపోయింది. ఇదే ఆసుపత్రిలో, ఇదే నడవలో, ఏడవని బిడ్డని కన్నది. ఆడపిల్ల. ఇంటికి వెళ్ళాక జనం మొదలయ్యారు. పరామర్శకి వచ్చేవాళ్ళకి ముందు ఒక పరీక్ష పెట్టి, పాసైనవాళ్ళనే గుమ్మం ఎక్కనివ్వాలి. ఒకావిడ, "పోనీలే, వయసేం మించిపోయింది, ఏడాది తిరక్కుండా ఇంకొకళ్ళు" అంది, బస్సు తప్పిపోయినవాళ్ళకి చెప్పినట్టు. ఇంకొకావిడ తన ఆడపడుచు కోడలికి ఇంతకంటే ఘోరం జరిగిందని మొదలుపెట్టి, ఆ ఘోరమంతా చెప్పి, రెండుసార్లు టీ తాగి వెళ్ళింది. గోరుచుట్టు మీద రోకటిపోట్లు. నాలుగో రోజో అయిదో రోజో, భర్త డ్యూటీకి వెళ్ళగానే ఆమె లోపల గొళ్ళెం పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరు కొట్టినా తియ్యలేదు.

కన్నతల్లి మాత్రం కొట్టనైనా లేదు. పురుడు రోజున ఆసుపత్రికి వచ్చింది, గోడవారగా నిలబడింది, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. ఇంటివైపు ఇక తొంగిచూడలేదు. పిచ్చిమాటలన్నవాళ్ళ మీద కోపం కొన్నాళ్ళకి పోయింది. ఈ కోపం పోలేదు. పోకపోగా, కోపమని గుర్తుపట్టడానికి వీల్లేనంతగా చల్లబడి, గట్టిపడి కూర్చుంది.

మళ్ళీ డ్యూటీకి వచ్చాకే ఆమె రేడియో అయింది. అంతకుముందు అందరిలాంటి నర్సే. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకి లోపలంతా అలా ఉండేది. గిల్లితే తెలీదు. నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయేది. ఎదుటి మనిషి నవ్వేది, ఏడ్చేది, చెయ్యి పట్టుకుని దండం పెట్టేది. రేడియోకి ఏమీ అనిపించేది కాదు. ఏమీ అనిపించకపోవడం వల్లే ఆ పని అంత బాగా చేస్తోందేమోనని ఆమెకే అనుమానం.

అమ్మ సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. నోట్లో నాలుక లేని మనిషి. నూలు మిల్లులో ముప్ఫై ఏళ్ళు పైచిలుకు పనిచేసింది. ఆ మరల హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు, అందుకని అక్కడ ఆడవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆ అలవాటు అమ్మతోపాటే ఇంటికొచ్చింది. అన్నానికి రమ్మంటే చెయ్యి, నిద్రపొమ్మంటే చెయ్యి, కోపమొస్తే ఒక చూపు. మిల్లు ఆమె దగ్గర చెవులు సగం తీసుకుంది. పత్తిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఊపిరి కూడా సగం తీసుకుంది. నాలుగు మెట్లెక్కితే దమ్ము పట్టుకునే స్థితి వచ్చాక పని మానేసి, తన రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

రేడియో నెలకోసారి వెళుతుంది. మందులు, పప్పూ ఉప్పూ ఇస్తుంది. తిన్నావా, మాత్రలు వేసుకున్నావా అంటుంది. అమ్మ తలూపుతుంది. ఇద్దరూ కాసేపు కిటికీలోంచి రోడ్డు చూస్తారు. బస్సు వేళైందని రేడియో లేస్తుంది. పోట్లాటా లేదు, మాటపట్టింపూ లేదు. ఇరుగుపొరుగు చూస్తే తల్లీకూతుళ్ళు పాలూనీళ్ళలా ఉన్నారనుకుంటారు.

అలాంటి అమ్మ ఒక రోజు ఆసుపత్రిలో, బయటి బెంచీమీద, చేతిలో టోకెన్‌తో కనిపించింది. రేడియో ఎవరో పేషెంటుకి రుమాలు అందిస్తూ చూసింది, చూసి పొరబాటు పడ్డాననుకుంది. దగ్గరికెళితే అమ్మే.

"ఏంటమ్మా ఇక్కడ?"

"ఊరికే. ఇటు వచ్చాను."

తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టుంది ఆ జవాబు. ఇల్లు ఆ చివర, ఆసుపత్రి ఈ చివర, మధ్యలో రెండు బస్సులు మారాలి. రేడియో టోకెన్ తిప్పి చూసింది. ఆడవాళ్ళ డాక్టరు. "ఎన్నాళ్ళనుంచి?" అంది. అమ్మ చీరకుచ్చెళ్ళు సర్దుకుని, చేత్తో గాలిలో ఒక చుట్టు చుట్టింది. అంటే కొన్ని నెలలనుంచి. ఆగిపోయి ఎనిమిదేళ్ళైన నెత్తురు మళ్ళీ కనిపిస్తోందని కూతురికి చెప్పలేదు. కూతురు అదే విభాగంలో పని చేస్తుందని బయట బెంచీమీద ఎవరికీ చెప్పలేదు. లైన్లో తన వంతు కోసం కూర్చుంది, అంతే.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలిపొర మందంగా ఉందని వచ్చింది. డాక్టరమ్మ రేడియోని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఈ వయసులో అంత ఉండకూడదు, నీకు తెలుసు కదా. ముక్క తీసి చూస్తేగానీ మంచిదో చెడ్డదో చెప్పలేం."

"మత్తు ఇచ్చి చేస్తే, మేడమ్?"

"మత్తు డాక్టరు ఆ ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి ససేమిరా అన్నాడు. పడుకోబెడితే లేపగలనన్న గ్యారంటీ లేదన్నాడు. మన గదిలో చెయ్యాల్సిందే, మెలకువగా. ఆవిడ కదలకుండా ఓర్చుకుంటే సరి. మధ్యలో వద్దని లేస్తే మాత్రం ఇక నా దగ్గర ఇంకో దారి లేదు. లోపల ఉన్నది ఏదైనా సరే, తెలీకుండా ఉండిపోవాలి." రిపోర్టు మడిచి పెట్టి, "నీకు కష్టమైతే ఆ రోజు తలవైపు ఇంకో సిస్టర్‌ని పెడతాను" అంది.

"నేనే ఉంటాను మేడమ్" అంది రేడియో. నోరు అలవాటు ప్రకారం ముందే అనేసింది.

ఇంటికెళ్ళాక ఆలోచిస్తే తెలిసింది ఆమెకి, అమ్మతో మాట్లాడటానికి తన దగ్గర ఏమీ లేదని. ముక్కూమొహం తెలీనివాళ్ళ కోసం బస్తాలకొద్దీ మాటలు. కన్నతల్లి కోసం వెతికితే తిన్నావా, మాత్రలు వేసుకున్నావా. అవి రెండూ అయిపోయాక పావుగంట ఎలా గడపాలి? భర్త బస్సు డిపోలో మెకానిక్కు, అప్పుడే వచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. సంగతి విని, "అత్తయ్యకి మాటలెందుకు, నువ్వు పక్కనుంటే చాలు" అన్నాడు. మగవాళ్ళకి అన్నీ తేలికే అనుకుంది.

పరీక్ష రోజు పొద్దున అమ్మ ముందుగానే వచ్చేసింది. నొప్పిమాత్ర వేయించి, గౌను తొడిగించి, రేడియోనే మంచం ఎక్కించింది. కాళ్ళు పైకెత్తి మంచానికున్న ఆసరాల మీద పెట్టాక అమ్మ కళ్ళు మూసుకుంది. సిగ్గుతో మూసుకుందో దమ్ము కోసమో తెలీలేదు. వేలికి తగిలించిన క్లిప్పు, పక్కనున్న చిన్న పెట్టెలో అంకెలు చూపిస్తోంది. డాక్టరమ్మ స్టూలు జరుపుకుని కూర్చుంది. రేడియో తలవైపు నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం మీద చెయ్యి వేసి ఎన్నేళ్ళైందో ఆమెకి గుర్తురాలేదు. చేతికి ఎముక తగిలింది.

"మొదలుపెడుతున్నానమ్మా. నొప్పనిపిస్తే చెప్పండి, ఆపేస్తాను" అంది డాక్టరమ్మ.

"ఏం కూర చేశావమ్మా ఇవాళ?" అంది రేడియో.

అమ్మ కళ్ళు తెరిచి కిందినుంచి ఆమెని చూసింది. "పొద్దున బ్రెడ్డు నువ్వేగా ఇచ్చింది."

"అవును కదా. మరి బస్సులో సీటు దొరికిందా?"

"నాతో కూడా డ్యూటీ మాటలేనా?" అంది అమ్మ. విసురు లేదు, నిష్ఠూరం లేదు. టైమెంతైందని అడిగినట్టు అడిగింది. డాక్టరమ్మ తల ఎత్తలేదు.

రేడియో ఇంకా ఏదో అనబోయింది. ఈలోగా నీళ్ళు పారడం మొదలై, అమ్మ బిగుసుకుపోయింది. బిగుసుకోగానే దగ్గు అందుకుంది. అది మామూలు దగ్గు కాదు, మిల్లు దగ్గు, పొట్టలోంచి తవ్వుకొచ్చే రకం. మంచం ఊగింది, క్లిప్పు ఊడి కిందపడింది, డాక్టరమ్మ గొట్టం చటుక్కున బయటికి లాగేసింది. రేడియో అమ్మని కాస్త లేపి, వీపు నిమిరి, నీళ్ళు పట్టింది. దగ్గు ఆగాక అమ్మ పెదవులు నల్లబడి ఉన్నాయి.

"ఇంకొక్కసారి చూద్దాం" అంది డాక్టరమ్మ, రేడియోకి మాత్రమే వినపడేట్టు. "ఈసారీ ఇలాగే ఐతే వదిలేద్దాం. ఆవిడని ఇంతకంటే హింస పెట్టలేను."

అమ్మని మళ్ళీ పడుకోబెట్టారు, ఈసారి తలకింద ఇంకో దిండు పెట్టి. రేడియో క్లిప్పు తగిలించింది. భుజం మీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది. మాట లేదు. నాలుగేళ్ళుగా ఒక్క రోజు కూడా మొరాయించని నోరు అది. గొట్టం లోపలికి వెళ్ళింది, నీళ్ళు పారాయి, తెరమీద గులాబిరంగు గోడలు తెరుచుకున్నాయి. ఒక పక్కన నాలుకలాగ చిన్న కండ వేలాడుతోంది. ఇంకో పక్క గోడ మందంగా, ఎగుడుదిగుడుగా ఉంది. తను ఒకప్పుడు ఉన్నది ఇక్కడే కదా అన్న ఆలోచన వచ్చింది రేడియోకి. దాని వెనక ఏదైనా వస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు.

"ముక్క తీస్తాను. కొంచెం పట్టినట్టుంటుందమ్మా" అని డాక్టరమ్మ కూతురివైపు ఒక చూపు విసిరింది. మాట్లాడు అని.

ఇంకేం తోచక రేడియో అదే అడిగింది. "అమ్మా, ఇంటికి దారి చెప్పు."

"ఏ ఇంటికి?"

"ఏదైనా సరే. నీకు బాగా తెలిసిన దారి."

అమ్మ కాసేపు తెరవైపు చూసింది గానీ అక్కడున్నది ఆమెకి పట్టినట్టు లేదు. "మిల్లు గేటు దగ్గర్నుంచి చెప్పనా?" అంది.

"చెప్పు."

"గేటు బయటికొచ్చి కుడిచేతి వైపు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు దాటాలి. అక్కడ బస్సెక్కొచ్చు. నేను ఎక్కేదాన్ని కాదు, నడిచేదాన్ని. అప్పుడు దమ్ము బానే ఉండేది." ఊపిరి కోసం ఆగింది. "పెద్దరోడ్డు జాగ్రత్తగా దాటాలి. దాటాక మందులషాపు, కళ్ళద్దాల షాపు. రెండిటి మధ్యన సందు. నీళ్ళ ట్యాంకరు అడ్డంగా ఆపేస్తారు, గోడకి ఆనుకుని పోవాలి."

రేడియో చెయ్యి భుజం మీద అలాగే ఉండిపోయింది. అది అమ్మ ఇంటికి పోయే దారి కాదు. తనూ భర్తా ఇదివరకు అద్దెకున్న ఇంటికి పోయే సందు అది. బిడ్డ పోయిన ఏడాదే ఖాళీ చేసేశారు.

డాక్టరమ్మకి ఇవేవీ తెలీవు. రేడియో ఆగిపోయిందనీ, ముసలామె మాట ఆగకూడదనీ మాత్రం తెలుసు. తలెత్తకుండానే, "తర్వాతమ్మా?" అంది.

"మూడంతస్తుల మేడ. గేటు కిర్రుమంటుంది, కాస్త ఎత్తి తియ్యాలి. చప్పుడు కాకూడదు కదా. మెట్లెక్కితే రెండో అంతస్తు. నీలంరంగు తలుపు. అక్కడిదాకా పోకూడదు. కిందనే, మలుపులో కిటికీ ఉంది చూడు, ఆ మెట్టుమీద కూర్చోవాలి."

"కూర్చుని?"

"కూర్చోడమే. ఎదురింటావిడ స్టూలు తెచ్చి వేసేది, వద్దన్నా వినేది కాదు. మంచి మనిషి. అల్లుడు డ్యూటీకి దిగుతూ చూశాడు ఒకసారి. లోపలికి రండత్తయ్యా అన్నాడు. పడుకుందేమో, లేపకన్నాను. నేనొచ్చానని చెప్పొద్దన్నాను." మళ్ళీ ఊపిరి. "సాయంత్రం అయ్యేసరికి లోపల అమ్మాయి కుళాయి తిప్పేది. ఆ చప్పుడు కోసం మాత్రం తలుపు దగ్గరికి పోయేదాన్ని. మిల్లు చెవులు కదా నావి, ఆనించి పెడితేగానీ వినపడదు. కుళాయి తిప్పితే లేచిందనీ, మొహం కడుక్కుంటోందనీ. అప్పుడు దిగి వచ్చేసేదాన్ని. తిప్పని రోజు చీకటిపడేదాకా ఉండేదాన్ని."

"రోజూనా?" అంది డాక్టరమ్మ. ఆమె చేతులు ఆగలేదు గానీ గొంతు మారింది.

"లెక్కపెట్టలేదమ్మా. మొదటి షిఫ్టు వేయించుకున్నాను, మధ్యాహ్నం తీరిక దొరుకుతుందని. తను మళ్ళీ పనిలోకి పోయేదాకా."

"అయిపోయింది" అంది డాక్టరమ్మ. గొట్టం ట్రేలో పెట్టింది. చిన్న డబ్బాలో ముక్క, ఇంకో డబ్బాలో నాలుకలాంటి ఆ కండ.

"అయిపోయిందా?" అంది అమ్మ, నమ్మకుండా.

"ఒక్కసారి కూడా కదల్లేదు మీరు."

అమ్మ కూతురివైపు చూసింది. రేడియో క్లిప్పు తీస్తోంది. తీసి, వైరు చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది. భర్తకి నోట్లో నువ్వుగింజ నానదని పేరు. పక్కింటి గొడవ వీధిలో అందరికంటే ముందు ఇంటికి మోసుకొచ్చే మనిషి. ఆ ఒక్క మాటా నాలుగేళ్ళు నానబెట్టుకున్నాడు. మెట్లమీద అందరికీ తెలుసు. ఎదురింటావిడకి తెలుసు. తలుపు లోపలున్నదానికే తెలీదు.

ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. వచ్చింది కోపం. చల్లబడిన పాతది కాదు, వేడిగా, చెవులదాకా ఎక్కే కోపం. అమ్మని దింపి, బట్టలు తొడిగించి, పక్కగదిలో వాలుకుర్చీలో కూర్చోబెట్టేదాకా అది తగ్గలేదు. ఇంత ముసలితనంలో ఇంత ఆయాసంతో ఉన్న మనిషి మీద అంత కోపం తప్పని ఆమెకి తెలుసు. తెలిసినా బానే ఉంది. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి వచ్చింది.

ఆయా టీ, బిస్కెట్లు ఇచ్చి వెళ్ళింది. డాక్టరమ్మ వచ్చి చెప్పవలసింది చెప్పింది. వేలాడే కండ తీసేశాం, చూడ్డానికి మామూలుదిలాగే ఉంది. మందంగా ఉన్నచోట ముక్క తీశాం, దాని సంగతి వచ్చేవారం రిపోర్టులో తెలుస్తుంది. కొన్నాళ్ళు కొంచెం మరక కనిపిస్తుంది, భయపడొద్దు. చెప్పి, రేడియో చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసి, తర్వాతి పేషెంటు కోసం వెళ్ళిపోయింది. తలవైపు ఇంకో సిస్టర్‌ని పెట్టుకుంటానంది.

అమ్మ టీ చల్లార్చుకుంటూ, "ఏమైనా ఉందంటావా లోపల?" అంది.

ఈ ప్రశ్న ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ అడుగుతుంది. రేడియో ప్రతి మనిషికీ ఒకటే చెబుతుంది, ఏం కాదమ్మా, నిశ్చింతగా ఉండండని. అది నాలుక చివరే ఉంది. మింగేసింది.

"తెలీదమ్మా" అంది. "ఉండొచ్చు. లేకపోవచ్చు. నాకూ భయంగానే ఉంది."

అమ్మ తలూపింది. ఆ జవాబు ఆమెకి సరిపోయినట్టుంది. బిస్కెట్ టీలో ముంచి తిన్నది. బయట నడవలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోతున్నారు. రేడియో లేచి తలుపు దగ్గరికి వేసింది.

"ఎందుకు కొట్టలేదు తలుపు?" అంది రేడియో. గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "అంత దూరం నడిచొచ్చి. రోజూ వచ్చి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కొడితే ఏం పోయేది? నువ్వు రాలేదనుకున్నాను. నాలుగేళ్ళు అదే అనుకుంటూ ఉన్నాను. నా కడుపు మండిపోయింది, నీకు పట్టలేదనుకున్నాను."

అమ్మ కప్పు కింద పెట్టింది. కూతురు చెప్పిందంతా విన్నది. చెవులు సగమే ఉన్నా, విన్నది.

"కొడితే తీసేదానివా?" అంది.

ఎందుకు తియ్యనమ్మా అన్న మాట దానంతటదే వచ్చేది, మామూలుగా ఐతే. రేడియో దాన్ని రానివ్వలేదు. ఆ ఇంటిని లోపలినుంచి గుర్తుచేసుకుంది. గోడవైపు తిరిగి పడుకోవడం. ఎవరో ఒకరు కొట్టడం, పేరు పెట్టి పిలవడం, మళ్ళీ కొట్టడం. దుప్పటి తలమీదికి లాక్కుని, పోతే బావుండును, పోతే బావుండునని వెళ్ళేదాకా అనుకోవడం. ఆ కొట్టేవాళ్ళలో అమ్మని కూడా పెట్టి చూసింది. నిజాయితీగా చూసింది.

"లేదు" అంది. "తీసేదాన్ని కాదు."

"అదే నాకూ తోచింది" అంది అమ్మ. "నేను కొట్టి, నువ్వు తియ్యకపోతే, అమ్మొస్తే కూడా తియ్యలేదే అని తర్వాత్తర్వాత నువ్వే ఏడ్చేదానివి. అందుకని కొట్టలేదు. రాలేదని నన్ను తిట్టుకోవడమే నయం కదా."